మెట్టెలు

చంద్రగిరి కంసాలి ఆ జత చేసింది
చెంగమ్మ కాలికి.
నాలుగో కాన్పు, వాన రాత్రి,
మంత్రసాని ఏరు దాటేలోగా
ఆమె దాటిపోయింది.

మూడు నెలలకే పొన్నెమ్మ వేళ్ళకి తొడిగినారు.
ఏడాదిన్నర. అమ్మోరు పోసింది.
చింతపండుతో తోమి మళ్ళీ ఉట్టిలో దాచినారు.

గుర్రమ్మకి పన్నెండేళ్ళు.
మెట్టెలు వదులైతే దారం చుట్టి బిగించినారు.
చంకలో ఒకటి, కొంగు పట్టుకొని ఒకటి,
అమ్మా అని పిలవడానికి సిగ్గుపడే పెద్దోడు
ఆమెకంటే నాలుగేళ్ళే చిన్న.

ఎంతమందే పిల్లోళ్ళు అంటే
వేళ్ళు మడిచేది: ఏడుగురు.
ఇంట్లో తిరిగేది నలుగురే.

మొగుడు పోయిన పదోనాడు తీసేసిన వాటిని
ధాత కరువులో నారాయణవనం సంతకు తీసకపోయింది.
శెట్టి తక్కెడలో వేసి పెదవి విరిచినాడు,
"అరిగిపోయినాయి గదమ్మా."
"ముగ్గురం నడిచినాం గదప్పా" అనింది.

రెండు శేర్ల రాగులు.
నీళ్ళలాంటి అంబలి, అందరికీ అదే గరిటె.

ఆ గరిటె తాగి బతికినోడు
మా జేజికి తాత.
ముగ్గురిలో ఏ తల్లి కొడుకని అడిగితే
జేజికి తెలీదు.
గుర్రమ్మ ఎవరికీ చెప్పలేదంట.