నలభై ఒకటో వరస

మిచిద్మా, ఆ కుర్చీ ఇటు లాక్కో.
పొయ్యిలో ఇంకో రెండు పిడకలు వేసి రా, వేళ్లు కొయ్యబారాయి.
తెర నిండా అరుపులే అని బెదిరిపోకు.
ఇవి తిట్లు కావు.
దీనికి వచ్చిన మాటలే ఏడో ఎనిమిదో,
కష్టమంతా వాటితోనే చెప్పుకోవాలి పాపం.

ఇదిగో, దడి కట్టినట్టు వరసగా గుర్తులున్నాయే,
ఇది అసలు తప్పే కాదు.
అంకె పెద్దది, గది ఇరుకు.
గీత పట్టుకుని కుడికి జరుపు.
చూశావా, లోపలే ఉన్నాయి
కోటీ ఇరవై లక్షల తుగ్రిక్‌లు,
గుడారంలో చుట్టాల్లా ముడుచుకుని.

ఇక్కడ వాల్యూ అంటోంది.
కూడమన్న చోట ఎవరో కబుర్లు రాశారన్నమాట.
చదువు: "పన్నెండు, కుంటిది కాక."
ఫోన్ చేసి అడుగు.
కుంటిదానికీ బొచ్చు ఉంటుంది కదా.

నేమ్ అంటే, నువ్వు పిలిచిన పేరు దానికి తెలీదు.
సమ్‌లో ఒక ఎమ్ ఎక్కువ కొట్టావు, అంతే.

ఈ రెఫ్ మాత్రం నా పాపం.
"ఎండిన బావులు" అని ఒక నిలువు వరస ఉండేది.
ఎవరికి కావాల్లే అని పోయినేడు నేనే కొట్టేశాను.
సూత్రం ఇంకా అక్కడికే వెళ్తోంది.
గుడారం ఎత్తేసిన చోట
గడ్డి మీద మిగిలిన గుండ్రటి మరకలో నిలబడి
ఇంట్లో ఎవరండీ అని కేకేస్తోంది.

ఇక ఇది. దొరకలేదు అంటోంది.
లువ్‌సాన్‌దాష్ అనే మనిషి పట్టికలోనే లేడట.
ఎందుకు లేడు? నిన్న ఫోన్లో దగ్గాడు కూడా.
పేరు చివర చూడు, కంటికి ఆనని ఖాళీ ఒకటి.
దాన్ని చెరిపెయ్యి.

వచ్చాడా?
వస్తూ వస్తూ
ఇంకో మాట వెంటబెట్టుకొచ్చాడు.

సున్నాతో భాగించలేను.

కాష్మీర్ ఊలు, నాలుగు కిలోలు.
మేకలు, సున్నా.
ఆకురాలే కాలంలో రాసుకున్నవి నూట పన్నెండు.
నాలుగు కిలోలు ఎక్కడివని అడక్కు.
నిలబడ్డట్టే బిగుసుకుపోయిన వాటిని
చెయ్యి ఆడినంతసేపు
ఒక్కొక్కదాన్నే దువ్వారు, ఆయనా, కోడలూ.

"అక్కా, ఇఫ్ ఎర్రర్ పెట్టేద్దాం.
గడి ఖాళీగా కనబడుతుంది.
సాయంత్రానికి బయన్‌హొంగొర్ పంపాలి కదా."

పెట్టొచ్చు.
పోయినేడు నేను పెట్టాను.
తప్పన్న ప్రతిచోటా సున్నా చుట్టాను.
కాగితం ఎంత శుభ్రంగా వచ్చిందనుకున్నావు!
పై ఆఫీసులో మెచ్చుకున్నారు.
సున్నా అంటే ఇబ్బందేమీ లేదని చదువుకున్నారు వాళ్లు.
గడ్డి లారీలు మూడు
ఆయన లోయ మలుపు దగ్గర ఆగనైనా ఆగకుండా
నేరుగా వెళ్లిపోయాయి.
ఆ లెక్కలో ఒక్క తప్పు కూడా లేదు మిచిద్మా.
నేను రెండుసార్లు సరిచూశాను.

కుక్క మొరుగుతోంది, చూడు.
ఆయనే. సంతకానికి.

రండి, ఇటు పొయ్యి దగ్గర కూర్చోండి.
అవునండీ, మీ పేరు పక్కదే.
ఏమంటోందా?
నాలుగు కిలోలు ఎన్నిటికి పంచాలో
తెలియట్లేదంటోంది.

చాలాసేపు తెర వంకే చూశాడు.
టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.
"అయితే దానికి తెలిసిందన్నమాట" అన్నాడు.
ఇంకేమీ అనలేదు. టీ తాగి,
ఉప్పు తక్కువైందన్నాడు.

ఆ గడి జోలికి వెళ్లకు.
గీత మాత్రం ఇంకొంచెం కుడికి జరుపు,
పై ఆఫీసువాళ్లకు మాట మొత్తం కనబడాలి.

సేవ్ చేశావా?