పిల్లికూతలు

ఛాతి మీద గొట్టం పెట్టి విని
"పిల్లికూతలున్నయి" అన్నడు డాక్టరు.
నాకు నవ్వొచ్చింది.
ఇంట్ల రెండున్నయి సార్,
మూడోది లోపలికెప్పుడు దూరిందో తెల్వదు అన్న.
ఆయన నవ్వలే.
చీటీల మందుల కింద గీత గీసి
"వాటిని ఎవరికన్నా ఇచ్చెయ్యమ్మా" అన్నడు,
పాత గొడుగును అన్నట్టు.

జొన్న తెల్లది. సజ్జ బూడిద రంగుది.
ఒక్క ఈతల పుట్టినవి గావు.
ఒకదాన్ని షాసాబ్‌గుట్టల ఇల్లు ఖాళీ చేసినోళ్లు వదిలిపోయిన్రు,
ఇంకోదాన్ని మా అన్న కర్నూలు బస్సుల
అట్టపెట్టెల పెట్టుకొని తెచ్చిండు.
మొదటి వారం ఒకదాన్నొకటి చూసి బుసకొట్టినయి.
రెండో వారం ఉరిమింది, వానవడ్డది,
తెల్లారి చూస్తె కుట్టుమిషన్ కింద
ఏ తోక ఎవరిదో తెల్వకుండ పండుకున్నయి.
అప్పటిసంది అంతే.
ఒకటి గిన్నె ముందు కూసుంటది, మూతి పెట్టదు,
రెండోది వచ్చిందాంక.
సజ్జకు ఎడమ కన్ను ఆనదు.
జొన్న ఎప్పుడూ దాని ఎడమ దిక్కే నడుస్తది.
ఇది నేను నేర్పింది గాదు.

పిల్లి తన పిల్లలను ఏడిండ్లు తిప్పుతదంటరు.
నా దగ్గరికి ఇండ్లే నడిచొచ్చినయి.
మెట్టుగడ్డ నుంచొచ్చిన బ్యాంకాయన
తెల్లదొక్కటే చాలన్నడు.
చెప్పులు గూడ ఒక్కటే కొంటవా అన్నా, అని అడిగిన.
ఒకామె, వీటికి పిల్లలు పుడితె ఎంతకు పోతయన్నది.
ఆపరేషనైంది అక్కా అంటె
చాయ్ సగంల వదిలి లేచింది.
ఒక పిలగాడు మంచోడే, కండ్లనిండ ఆశ.
వాళ్లమ్మ గేటు బయటనే నిలవడి
"అన్నంల వెంట్రుక కనవడితె నాకు సయించదు బిడ్డా" అన్నది.
ఆమెను తప్పువట్టలే.
నాకు ఊపిరే సయిస్తలేదు.

ఆ వెంట్రుకల కోసమే
జడ్చర్ల నుంచి నెలకోపారి వస్తది మొగులమ్మ.
రాలిన జుట్టుకు స్టీలు గిన్నెలిచ్చి
విడదీసి, కడిగి, సవరాలల్లి అమ్ముకుంటది.
గడప కాడ మూట దించి సజ్జను చూసి
"ఇంత జుట్టు నాకిస్తె దేవుని సొమ్మేం బోతుండె" అన్నది.

సజ్జ చంకల చిక్కు. నెలరోజులది. రాయి లెక్కైంది.
నేను దువ్వెన వడితె నాకు దగ్గు,
కత్తెర వడితె దానికి పరుగు.
మొగులమ్మ రెండూ అడగలే.
ఒక చెయ్యితోని కుదురు వట్టుకున్నది,
రెండో చెయ్యి కొసల నుంచి మొదలువెట్టింది.
"నొప్పి తోలు దాంక పోనియ్యద్దు, గంతే.
ముప్పై ఏండ్లాయె జుట్టుతోనే బతకవట్టి.
తల ఉన్న జుట్టును ముట్టుకొనే
ఎన్నేండ్లయిందో" అన్నది,
నా దిక్కు చూడకుండ.

జొన్న వచ్చి ఆమె మోకాలి మీద గదుమ పెట్టి
చిక్కు విడేదాంక కాపలా కాసింది.

నేనేం అడగలే.
"ఇవి ఏం తింటయి?" అని ఆమెనే అడిగింది.
"రెండూనా?" అన్న.
"ఒక్క పాయతోని ఏమల్లుతవమ్మా?
రెండు పాయలతోని గూడ
పురి పడతది గాని జడ గాదు" అని
బుట్టల పాత చీర పరిచింది.

మూతికి దస్తి గట్టుకొని బస్టాండు దాంక పోయిన.
బుట్టకు టికెట్టు కొట్టాల్నా అని కండక్టరు ఆగిండు,
లోపల్నుంచి రెండు మూతులు బయటికొస్తె
ఎవలకని కొట్టాలో తెల్వక ముందుకువోయిండు.
బస్సు కదిలినంక కిటికీల కనవడ్డది
ఒక తెల్లటి చెవి,
ఎడమ దిక్కే.

పదిహేను రోజులకు కూతలు తగ్గినయి.
డాక్టరు సంబురపడ్డడు, నేను గూడ పడ్డ.
మొన్న మొగులమ్మ ఫోన్ చేసింది.
సజ్జ సవరాల మూట మీద పంటున్నదట,
తిట్లు తింటున్నదట, లేస్తలేదట.

రాత్రిళ్లు మిషన్ తొక్కుతుంటె
ఎక్కడి నుంచో ఒక బూడిద వెంట్రుక
సూది కిందికి జరిగి వస్తది.
తీసి పారెయ్య.
కుట్టులకు పోనిస్త.
ఈ ఊర్ల ఎవరి జాకెట్లనో,
భుజం కాడ,
ఎవరికీ తెల్వకుండ.