గురువారం మనిషి

పెనీష్ రేవులో చేపల వేలం
తెల్లవారుజామున అయిదింటికి.
నేను గురువారం మనిషిని.
బస్సు దిగి, సహకార సంఘం గదిలో
నాలుగు లినక్స్ డబ్బాలకు నాడి చూసి
సాయంత్రం బస్సుకి వెళ్ళిపోతాను.

పాస్‌వర్డు నియమాలు రాసింది నేనే.
పద్నాలుగు అక్షరాలు, ఒక అంకె, ఒక గుర్తు,
తొంభై రోజులకోసారి కొత్తది.
రాసిన రోజు
దొంగల మొహాలు ఊహించుకుని మరీ మురిసిపోయాను.

దొంగ రాలేదు.
మొన్న మంగళవారం సార్డీన్లు వచ్చాయి.
లేబుళ్ళ ప్రింటరు మొరాయించింది.
తిరిగి కలపాలంటే
అడ్మినిస్ట్రేటరు పాస్‌వర్డు కావాలంది తెర.
తూకం గుమాస్తా ఇల్డా
రబ్బరు తొడుగులు పళ్ళతో లాగేసి
కొంకర్లు పోయిన వేళ్ళతో కొట్టింది.
తప్పు.
మళ్ళీ తప్పు.
మూడోసారికి పది నిమిషాలు తాళం.
ఐసు కరిగి ఆమె బూట్ల కిందికి పారింది.
ఫిగైరా నుంచి వచ్చిన బేరగాడు వాచీ చూసుకుని
పక్క బల్ల దగ్గరికి నడిచాడు.

ఇవాళ ఆమె తిట్టలేదు.
కీబోర్డు తిరగేసి చూపించింది.
ఆటుపోట్ల పట్టిక చింపిన ముక్క మీద
పెన్సిలుతో నా పద్నాలుగు అక్షరాలూ,
పైన ఒక పొలుసు అంటుకుని మెరుస్తూ.
తాళం వేసితిని, గొళ్ళెం మరిచితిని.
మరిచింది ఆమె కాదు.

ప్రింటరుకు పాస్‌వర్డు తీసేశాను.
వైఫై మార్చుకోవడానికీ తీసేశాను.
కొత్త ప్రోగ్రాములకు, డిస్కుకు,
ఇంకొకరి ఖాతా ముట్టుకోవడానికి ఉంచాను.
ఒకసారి చెబితే కాసేపు గుర్తుంచుకోమన్నాను.
కాసేపంటే ఎంత?
కాఫీ తెచ్చుకోవడానికి నాలుగు నిమిషాలు.
ఈ గదికి తలుపుంది, ఎవరూ మూయరు,
వేలం వేళ ఎవరైనా వస్తారు, పిల్లులతో సహా.
అయిదు పెట్టాను.
ఆమె మొహం చూసి పది చేశాను.
ఇందులో శాస్త్రం లేదు. బేరం.

తొంభై రోజుల గడువు కొట్టేసి
"నాలుగు మాటలు అనుకో,
ఒకదానికొకటి సంబంధం లేనివి,
నాకు కూడా చెప్పకు" అన్నాను.

కొట్టడం మొదలుపెట్టి ఆగింది.
"ఏమీ పడటం లేదు."
"పడుతోంది. కనిపించదంతే. కొట్టు."

చుక్కైనా వెలగని ఆ నల్లటి తెర మీద
ఆమె చాలాసేపు కొడుతూనే ఉంది.
నేను కిటికీ వైపు తిరిగి
పడవలు లెక్కపెట్టాను.
మూడో మాట దగ్గర కాబోలు
కిసుక్కున నవ్వింది.

సరిచూసుకోవడానికి
ఇంకోసారి కొట్టమంది తెర.
అదే చోట
మళ్ళీ నవ్వింది.