తెడ్డు ముక్క

సెంటర్ స్టాండు లేని బండి.
సైడు స్టాండు మీదికి బాగా వాలిస్తే
వెనక చక్రం నాలుగు వేళ్ళెత్తు లేస్తుంది.
ఆ కాస్త సేపట్లోనే దూర్చాలి కర్ర, అవతలి పక్క నుంచి.

"బేగి ఎట్టీ, సెయ్యి లాగేస్తంది."
పోలమ్మ తెచ్చింది జీడికట్టె కాదు,
అటక మీది తెడ్డు ముక్క.

కళింగపట్నం గాలి
ఇనుముని నంజుకు తింటుంది.
నిన్న సింగుపురం దాకా చేపల పెట్టె కారుతూనే ఉంది,
ఐసు నీళ్ళన్నీ చైను మీదే.

"ఇంజను మాత్రం ఎయ్యకు."
ప్రతిసారీ తనది అదే మాట.
వాళ్ళన్న కామేశు వేలి కొస
స్ప్రాకెట్టు కొరికేసింది ఇలాంటి ఆదివారమే.
వెయ్యను. చేత్తోనే తిప్పుతాను.

కిరసనాయిలు, పాత పళ్ళబ్రష్షు.
ఒక్కో లింకూ తుప్పు కక్కుతుంది,
ఇసక, ఇంకాస్త ఇసక,
మధ్యలో మెరుస్తూ ఒక కవళ్ళ పొలుసు.

తుపానుకి తెప్ప పోయింది,
తెడ్డులో మూరెడు మిగిలింది.
అప్పట్లో కెరటాన్ని తోసేది.
ఇప్పుడు నూటిరవై కేజీలు ఎత్తి పట్టుకుంది,
కిక్కురుమనకుండా.

చక్రం తిరుగుతోంది.
గార, శ్రీకూర్మం, నరసన్నపేట
అన్నీ దాటేస్తున్నాను పెరట్లోనే,
బేరాలు లేవు, అరువులు లేవు.

చైను వదులు రెండు వేళ్ళు. సరిపోయింది.
నూనె చుక్కలు పోసి, గుడ్డతో ఒత్తి,
"దించీ" అన్నాను.

పోలమ్మ ముక్క లాగి
నూనె మరక కొంగుతో తుడిచింది,
పోలేదు.
ముక్కు దగ్గర పెట్టుకుని
"ఇంకా ఉప్పే" అంది,
మళ్ళీ అటకెక్కించింది.