పిల్లర్ నంబర్ నూట డెబ్బై రెండు

పాలపిట్టకు నీలం డబ్బా ఒకటి,
తంగేడు పూలకు పసుపు డబ్బాలు రెండు.
సంతకం పెట్టించుకొని మరీ ఇచ్చిండు సూపర్‌వైజర్.
శుక్రవారం లోపల పిల్లర్ పూయాలె,
పెద్దోళ్లెవరో ఈ దారిన పోతరట.

నిచ్చెనకు నాలుగడుగుల దూరంల
మూత లేని మ్యాన్‌హోల్.
దాంట్ల ఒక వేపకొమ్మ,
కొమ్మకు ఎర్ర జాకెట్ ముక్క.
మూడు నెలలాయె, కొమ్మలే మారుతున్నయ్.
కంప్లయింట్ నంబర్ నోటికి చెప్తది
మిర్చిబండి అనసూయ.
ఆమె ఫోన్ నంబర్ కంటే పొడుగు.

అందం వద్దని నేనెట్లంట?
రంగులతోనే నా పొయ్యి వెలుగుతది.

మూడింటికి మబ్బు పట్టింది.
ఈ ఊళ్ల మబ్బు పడితే
ఆకాశం దిక్కు ఎవరూ చూడరు,
చెప్పులు చేతికి తీసుకుంటరు.
గంటల రోడ్డూ నాలా ఒకటే రంగు.
కొమ్మ కొట్టుకపోయింది.
అప్పుడే బడి గంట.

పిట్ట రెక్క సగంల ఆపి దిగిన.
నిచ్చెన ఎత్తుకపోయి ఆ గుంతల నిలబెట్టిన.
సగం మింగింది.
మిగిలిన సగానికి, పైమెట్టు మీద,
పసుపు డబ్బా బోర్లించిన.
నీళ్లల్ల పసుపు కారుకుంట పోయింది,
తంగేడంతా.
పిల్లలు దాన్ని చూసి, చుట్టూ తిరిగి,
ఒకరి సంచి ఒకరు పట్టుకొని దాటిండ్రు.

శుక్రవారం పొద్దున సూపర్‌వైజర్ ఫోన్:
"పిట్టకు ఒకటే రెక్కేందిరా? పూలేవి?"

నిచ్చెన డ్యూటీల ఉన్నది సార్.
మూత పంపుండ్రి,
రిలీవ్ చేస్త.