ఒక్క చుక్క

మిర్చియార్డు మూడో గేటు పక్క కొట్లో
కంప్యూటరు మూడు రోజులుగా అరుస్తోందని
కబురు పెట్టాడు గుమాస్తా కోటిలింగం.
అరండల్‌పేట నుంచి బండి మీద వెళ్లేసరికి
తేజ బస్తాల మధ్య దారి లేదు.
పక్కకి తిరిగి, ఊపిరి బిగబట్టి దూరాను.

"కొత్తది కొనాలంటావా?"
మొదటి ప్రశ్న అదే.
"ముందు విననీండి" అన్నాను.

మొదట సన్నగా రంపం. తర్వాత గరగర.
ఆరొందల టిక్కీల లెక్క తెరిస్తే మాత్రం
మెరక ఎక్కలేని లారీ.
రేకు సందులోంచి పెన్సిలు పోనిచ్చి
ఫ్యాను నడుమ మెల్లగా నొక్కాను, ఆగింది.
వదిలాను, మళ్లీ మొదలు.
దొంగ దొరికినట్టే.

కరెంటు తీసి, మరలు విప్పి, రేకు లాగానో లేదో
తుమ్ము.
కోటిలింగం తుమ్మాడు, కాటా కుర్రాడు తుమ్మాడు.
గోడకి ఆనుకుని కూచున్న బెల్లంకొండ రైతు
ఒక్కడే తుమ్మలేదు.
లోపల రెండు సీజన్ల ఎరుపు:
రెక్కల అంచున, అల్యూమినియం పలకల సందున.
ఒక తొడిమ కూడా ఉంది, ఎలా దూరిందో.

బ్రష్షుతో దులిపాను. అయినా అరుస్తుంది.
స్టిక్కరు పీకి చూస్తే ఇరుసు ఎండిపోయి ఉంది.
నూనె తెచ్చుకోలేదు. నా తప్పే.

గుమ్మం బయట బస్తాలు కుడుతున్న దీనమ్మ
చేతి మిషను ఆపి చూసింది.
"దానికీ గొంతు ఆరిపోయిందేమో అబ్బాయ్"
అంటూ సంచిలోంచి బుల్లి సీసా తీసిచ్చింది.
"ఒక్క చుక్కే. రెండైతే దుమ్ము పట్టుద్ది."
ఈ రెండో మాట నాకు
ఏ ఇన్‌స్టిట్యూటులోనూ చెప్పలేదు.

ఒక్క చుక్క.
స్టిక్కరు అతికించి మీట నొక్కితే
రెక్కలు తిరుగుతున్నాయో లేదో
వంగి చూడాల్సి వచ్చింది.

అప్పుడు వినబడింది రైతు గొంతు,
ఎప్పట్నుంచి అడుగుతున్నాడో:
"అయ్యా, నా పట్టీలో తరుగెంత రాశారూ?"
కోటిలింగం ఫ్యాను వైపు చూశాడు.
అది ఏమీ అనలేదు.
"ఆ... చెప్తా, కూచో" అని
కళ్లద్దాలు తుడుచుకోవడం మొదలెట్టాడు.
రైతు కూచోలేదు. బల్ల దగ్గరికొచ్చి
తెర మీదికి వంగాడు.

నా కూలి మూడొందలు.
దీనమ్మ డబ్బు వద్దంది, సీసా మాత్రం
మూత బిగిందో లేదో చూసి పుచ్చుకుంది.
హెల్మెట్ పెట్టుకోబోతూ
అలవాటు కొద్దీ కన్ను నలిపాను.

లాడ్జి సెంటరు దాకా
ఒంటికన్నుతో బండి నడిపాను.
సిగ్నలు దగ్గర ఆటో అతను అడిగాడు,
"ఏమైంది సార్, ఎవరైనా పోయారా?"