ముల్లు

అత్‌బాషి రోడ్డు పక్కన పాత కంటైనరులో నా కొట్టు.
తలుపు మీద "కరెంటు పని" అని ఉంటుంది.
పేరు కూడా రాద్దామనుకున్నాను, పెయింటు చాల్లేదు.

సెప్టెంబరు మూడో వారం బూరుల్చా వచ్చింది,
పాల క్యాన్లు మోసే బూడిదరంగు వ్యానుతో.
ఒళ్ళు సోవియట్ కాలంది,
గుండె ముక్కు పగిలిన ఓ జపాన్ కారుది.
ఎండాకాలం మరిది మార్చిపెట్టాడట.
మార్చి, చేతులు తుడుచుకుని,
కజకిస్తాన్ పనికి బస్సెక్కాడు.
"అంతా బాగుంది గానీ
ఎంత జోరులో పోతున్నానో తెలియడం లేదు."

పాత ఇంజనున్నప్పుడు ముల్లుతో పనేముంది?
నలభైకి తలుపు గొళ్ళెం మాట్లాడేది,
యాభైకి క్యాన్ల మూతలు అందుకునేవి,
అరవైకి తన పళ్ళే టకటకమనేవి.
అరవై ఒకటి ఎట్లా ఉంటుందో ఎవరూ చూళ్ళేదు.

ఇది గొంతు విప్పదు.
మొన్న కనుమ దిగుతూ నింపాదిగానే పోతున్నాననుకుందట.
మలుపులో నాలుగు క్యాన్లు ఒరిగి
తూముల్లోంచి కారి
రోడ్డు పొడుగునా తెల్లటి గీత.
"ఊళ్ళో కుక్కలన్నీ నా దారి నేర్చుకున్నాయి" అని నవ్వింది,
నవ్వు సగంలోనే వదిలేసింది.

డాష్‌బోర్డు విప్పాను.
పాత మీటరు తీగ కొస చదరం.
కొత్త గేరుబాక్సుకి అలాంటి కన్నమే లేదు.
తిలెక్‌ని కిందికి దూర్చి
తిరిగే షాఫ్టుకి రెండు అయస్కాంతాలు కట్టించాను,
వేలెడు దూరంలో సెన్సారు.
ఆరెంజి తీగ తాళానికి, ఎరుపు బ్యాటరీకి,
ఇంజను పెట్టెలోంచి వచ్చే పచ్చతీగ పట్టుకుంటే
అదే నాడి.

టాకోమీటరు వెలిగింది.
ఊరికే నిలబడ్డ బండికి పదహారు వందలంది!
వెనక తిప్పి చూస్తే మీట రెండు సిలిండర్ల దగ్గరుంది,
మోటారు సైకిలు కోసం చేసిన సరుకు.
ఒకటికి రెండు చెప్పేవాళ్ళని చూశాను గానీ
ఇంత నిజాయితీగా చెప్పేదాన్ని చూడలేదు.
నాలుగుకి జరిపాను. ఎనిమిది వందల దగ్గర సర్దుకుంది.

సర్దుకుని, వణకడం మొదలుపెట్టింది.
"మీటరే చెడ్డది, మార్చేద్దాం" అన్నాడు తిలెక్.
వాడికి పద్నాలుగేళ్ళు, వాడికన్నీ మార్చేయాలనే.
నల్లతీగ చూపించాను.
కాలు నేలకి ఆననివాడి మాట అలాగే ఉంటుందిరా.
స్క్రూ తీసి, దాని కింద గీకాను:
బూడిదరంగు, దాని కింద ఆకుపచ్చ,
దాని కింద ఏ మిలిటరీ వాడు పూశాడో మట్టిరంగు,
ఆ తర్వాత
ఇనుము.
బిగించాను. ముల్లు ఊపిరి బిగబట్టినట్టు నిలిచింది.

ఇక దారి నేర్పాలి.
పద్నాలుగో రాయిని లారీ గుద్దితే
ఎవరో మంచివాడు తోచినచోట పాతాడు,
అందుకని పదిహేడు నుంచి పద్దెనిమిదికి.
మొదటి రాయి దగ్గర మీట నొక్కాను.
మధ్యలో గొర్రెల మంద.
ఆగినంతసేపూ అంకె ఆగింది.
చక్రానికి దూరమే తెలుసు, ఆలస్యం తెలియదు.
రెండో రాయి దగ్గర మళ్ళీ నొక్కితే
మూడు వేల తొమ్మిది వందల ఎనభై ఏడు.
కిలోమీటరంటే ఈ బండి భాషలో అంతే.

తిరిగొచ్చేటప్పుడు నా టోపీ తీసి మీటరుకి తగిలించాను.
"నలభైలో నడుపు."
చెవి ఒక పక్కకి వంచి, జాగ్రత్తగా, నడిపింది.
"ఇదిగో, నలభై."
టోపీ తీశాను.
అరవై ఎనిమిది.

చాలాసేపు ఏమీ అనలేదు.
తర్వాత, "ఎండాకాలమంతా వెనక సీట్లో పిల్లలుండేవాళ్ళు" అంది.

పాత మీటరు పీకేయనా అంటే వద్దంది.
దాని ముల్లు సున్నా కింద పడుకుని ఉంది, ఉండనీ అంది.
సగం డబ్బిచ్చింది, సగానికి వెన్న.

కొట్టు ముందు నిలబడి చూస్తున్నాను.
చప్పుడు లేకుండా వ్యాను చిన్నదవుతోంది.
మలుపుకి చాలా ముందే బ్రేకు దీపం వెలిగింది.
ముల్లు చూసిందో,
పాలు గుర్తొచ్చాయో.